ఆరు గదుల మీటరు

ఇంటి ఓనరు ఫ్యూజు పీకేసరికి మా పాప మూతికి మందు పట్టే మిషను ఉంది. మిషను ఆగింది. పాప డొక్కలెగరేయడం ఆగలేదు.

"బిల్లు కట్టరు గానీ కరెంటు కావాలా?" మెట్ల మీంచి అరిచాడు.

ఎందుకు కట్టలేదో చెబుతాను. మా ఆరు గదులకీ ఒకటే మీటరు. ఎంతొస్తే అంత ఆరు వాటాలు. ఒకే మీటరు కింద బతికేవాళ్ళకు తెలుసు, బిల్లు పెరిగితే ముందు పక్కగది మీదే అనుమానం. ఎవరి ఫ్యాను తిరుగుతోందోనని కిటికీల్లోకి తొంగి చూసేవాళ్ళం. చివరికి కుట్టుపని చేసే అక్క మీద పడ్డాం. కుట్టుమిషనుకి మోటారు పెట్టుకుంది కదా! ఐదో గది డ్రైవరు చేత ఆ వైరు మేమే తెంపించాం. పాపం, కాళ్ళతో తొక్కీ తొక్కీ ఆవిడ మోకాళ్ళు వాచాయి. అయినా తర్వాతి నెల బిల్లు తగ్గలేదు.

"ఇప్పుడు ఎవరిది తెంపుతారే? ఈ పసిదాని మిషనుదా?" అంది అక్క, ఆ బిల్లు చూసి.

నేను పాపను దగ్గరికి లాక్కున్నాను.

"నాది బొగ్గుల పెట్టె, నన్నెవరూ అనలేరు," అన్నాడు ఇస్త్రీ బాబాయి. "మీరంతా అన్నీ కట్టేసి రండి, దొంగెవరో చూద్దాం."

అన్నీ కట్టేసి మీటరు ముందు నిలబడ్డాం. ఎర్రదీపం టకటకా కొట్టుకుంటూనే ఉంది. పైన ఓనరు ఏసీ గుయ్యిమంటోంది.

"నీ మీటరు నువ్వు పెట్టించుకో, అప్పుడే కడతాం" అన్నాం. దానికి జవాబే ఈ ఫ్యూజు.

పాప పెదాలు నల్లబడుతున్నాయి. అక్క కుంటుకుంటూ వచ్చి, కత్తెరతో తీగ ముక్క కోసి మీటరు బోర్డులో ఫ్యూజు పీకిన చోట బిగించింది. లోపల మిషను గుర్రుమంది.

ఓనరు ఫోను చేస్తే పోలీసులొచ్చి అక్క రెక్క పట్టుకున్నారు. కరెంటు దొంగట!

"దొంగ పైనున్నాడయ్యా!" అని బాబాయి కేకేశాడు. వినలేదు. "పిల్లకి మందు ఆపకే," అని నాతో అంటూనే జీపెక్కింది అక్క. ఇంకా తిరిగి రాలేదు.

సగం మంది స్టేషనుకు పరిగెత్తారు. పాపను మా అత్త ఒళ్ళో పెట్టి నేను మీటరుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఓనరు దిగొచ్చాడు.

"జరుగు."

"ముందు నన్ను పీకు, తర్వాత ఫ్యూజు."

చెయ్యెత్తాడు. బాబాయి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తర్వాత మూడో గది ముసలమ్మ. తర్వాత, అక్క వైరు కోసిన డ్రైవరు.

మా వెనకాల మిషను ఆడుతూనే ఉంది.