ఒక్కపొద్దు మాత్రలు

దొరస్వామికి దేవుడి మీద ఉన్న భయంలో పావు వంతు డాక్టరు మీద ఉన్నా అతని భార్య దేవకమ్మకు ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టల మీద బొమ్మలు గీసే చేయి అతనిది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వేసవిలో రాముడి కిరీటం గీస్తూ ఉండగా ఆ కుడిచేయి ఉన్నట్టుండి చచ్చుబడింది. మూతి ఒక పక్కకు పోయింది. అరగంటలో అంతా సర్దుకుంది. అయినా తిరుపతి డాక్టరు ఊరుకోలేదు. పక్షవాతం మళ్లీ వస్తే చేయి తిరిగి రాకపోవచ్చని చెప్పి ఆస్పిరిన్ రాసిచ్చాడు. రక్తం గడ్డకట్టకుండా చూస్తుందట. రోజూ పొద్దున పలహారం తిన్నాక ఒకటి, బతికినన్నాళ్లూ. పరగడుపున మాత్రం మింగకూడదు.

"తలనొప్పి మాత్రే గదా!" అని దొరస్వామి పెదవి విరిచాడు. చేయి నిలిచింది తిరుమల స్వామి దయవల్లనేనని శనివారాలు ఒక్కపొద్దు మొక్కుకున్నాడు. ఊళ్లో ఉన్న శివుడు ఏమనుకుంటాడోనని సోమవారాలు కూడా. కాణిపాకం వినాయకుడిని వదిలితే బాగుండదని చవితికి ఒకటి.

భక్తి ముదిరిందిలే అనుకుంది దేవకమ్మ. ఒకరోజు పటాలు తుడుస్తుంటే వెంకటేశ్వరస్వామి పటం వెనక నుంచి మాత్రలు జలజలా రాలాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, ఇవేంది ఈడ?"

"ఒక్కపొద్దు దినాలవి మే. వట్టి కడుపుతో మింగొద్దన్నాడు గదా డాక్టరు. పారేస్తే పాపమని స్వామి కాడ పెట్టినా."

"రాత్రికి అన్నం తింటావు గదా! అప్పుడు మింగితే ఏమైతాది?"

"పొద్దున అన్నాడు. ఆయన మాట దాటకూడదు గదా."

డాక్టరు మాట దాటడట! దేవకమ్మ తల బాదుకుంది. "బెల్లం, ఇనుము నానేసిన నల్లరంగు ఒక్క దినం తక్కువ నానితే కుండ ముట్టుకోనీవు. నీ ఒంటికి వారానికి రెండు దినాలు తక్కువైతే ఏం గాదా?"

"సూస్తాంలే, అరవద్దు" అని అతను కలం ముంచాడు.

ఆ చూడటం ఆరు రోజులు కూడా సాగలేదు. సోమవారం పొద్దున, సీతమ్మకు కళ్లు దిద్దబోతుండగా కలం జారిపోయింది. ఈసారి చేయి తిరిగి రావడానికి వారం పట్టింది. రెండు వేళ్లు రానేలేదు. మాత్రలు మానకుండా ఉంటే వచ్చేది కాదా అని దేవకమ్మ అడిగితే, అంత కచ్చితంగా చెప్పలేనని, మానడం మాత్రం తప్పేనని డాక్టరు అన్నాడు.

ఇంటికొచ్చి ఆమె నేరుగా పటాల ముందు నిలబడింది. "స్వామీ, నీకు ఉపాసమే గదా కావల్ల. ఈయన ఒక్కపొద్దులన్నీ ఇంక నావి. మీ ముగ్గురూ మాట్లాడుకోండి" అంది కోపంగా.

శనివారం దొరస్వామి ఇడ్లీ తిని, మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. ఆమె ఎదురుగానే కూర్చుంది.

"ఆకలైతా ఉండాదా మే?"

"అయితా ఉండాది. నోరు తెరు, మింగినావో లేదో సూడల్ల."

అతను నోరు తెరిచాడు. పక్కన పరిచిన బట్ట మీద సీతమ్మ ముఖంలో కళ్లు ఉండాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.