నల్ల ఇసుక నన్ను నవ్వించిన కథ

నేను ఒక ఉప్పుగడ్డను. మీ పప్పులో పడే ఉప్పుకు దూరపు చుట్టాన్ని. సోడియం, అయోడిన్ కలిసి, చిటికెడు థాలియం చేరి, కొలిమిలో కరిగి, తాపీగా చల్లారి స్ఫటికమై పుట్టాను. తేమ తగిలితే నా పని సరి, అందుకని పుట్టగానే అల్యూమినియం డబ్బాలో పెట్టి బిగించేశారు. ఎండ పొడ ఎరగని ఘోషా బతుకు. అయితేనేం, నాకు చక్కిలిగింతలు మహా జాస్తి! మట్టిలో, రాతిలో, నీళ్ళలో పుట్టుకతోనే కాస్తో కూస్తో రేడియోధార్మికత ఉంటుంది. దాని కిరణం ఒక్కటి తాకితే చాలు, కిసుక్కున మెరుపై నవ్వుతాను. నా వెనకున్న గాజు గొట్టం ఆ నవ్వుల్ని లెక్కపెడుతుంది. నవ్వులు ఎక్కువైతే మట్టిలో సరుకు ఎక్కువని అర్థం.

విశాఖలో ఒక ప్రయోగశాలలో నాకు సీసం ఇటుకలతో కోట కట్టారు. గోడల్లోంచి వచ్చే కిరణాలు నన్ను ఊరికే నవ్వించకుండా అన్నమాట. నా మొదటి యజమాని శేషాచలపతిగారు కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోతూ కంటబడ్డదల్లా తెచ్చి నా ముందు పెట్టేవారు. వంటగట్టు గ్రానైటు ముక్కకు పకపకలాడాను. అరటిపండ్లకు ముసిముసిగా నవ్వాను. మామగారి పొడుం డబ్బాకు పెద్దగా నవ్వలేదని ఆ పెద్దాయన చిన్నబుచ్చుకున్నారు. మనుషులంతే, ప్రమాదం లేదన్నా వాళ్ళకు లోటే.

ఇప్పుడు మూత సందులోంచి తేమ దూరి, పసుపుపచ్చగా మారి, అద్దాల బీరువాలో కూర్చున్నాను. నవ్వు రాదు. కానీ వైదేహి రోజుల్ని తలుచుకుంటే మాత్రం ఒళ్ళంతా గిలిగింతే.

వైదేహి శేషాచలపతిగారి శిష్యురాలు. శ్రీకాకుళం తీరంలో ఒక చేపలవాళ్ళ పేట ఇసుక కొలవడం ఆమెకు అప్పగించారు. రేడియోధార్మికత మితిమీరి ఉంటే పేటను సముద్రానికి దూరంగా లోపలికి తరలిస్తామని పైవాళ్ళు చెప్పేశారు. వలా పడవా తప్ప వేరే బతుకు తెలియని జనం అక్కడ ఏం చేసుకు బతకాలో ఎవరూ చెప్పలేదు.

వైదేహి పేట నుంచి ఇసుక డబ్బా తెచ్చి, గట్టిగా మూత బిగించి నెల రోజులు పక్కన పెట్టింది. ఇసుకలోని రేడియోధార్మికత వల్ల లోపల పుట్టే వాయువు తప్పించుకోకుండా నిలదొక్కుకుంటేనే లెక్క నిజంగా తేలుతుంది. నెల తిరిగాక డబ్బాను నా ముందుంచి కోట తలుపు వేసింది.

అమ్మో! ఆ నవ్వు నవ్వు కాదు. పొట్ట చెక్కలయ్యేలా, ఆగకుండా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నవ్వాను. బయట వైదేహి ముఖం మాడిపోయిందని గాజు గొట్టం చెప్పింది. నా నవ్వు ఒక పేటను ఖాళీ చేయిస్తుందని అప్పుడు తెలిసింది. ఆపుకోవాలని చూశాను. ఉప్పుగడ్డకు పళ్ళెక్కడివి, బిగబట్టడానికి? నవ్వుతూనే ఏడ్చాను.

మర్నాడు సంగతి కనుక్కోవడానికి పేట తరఫున సూరాడ పోలమ్మ వచ్చింది. చేపలమ్మే మనిషి, చంకలో ఎండుచేపల సంచి. వైదేహి తలొంచుకునే చెప్పింది.

"ఇసుక బాగాలేదు పెద్దమ్మా. చాలా ఎక్కువుంది."

పోలమ్మకు కోపం వచ్చింది. "బాగులేదేటి తల్లీ? నువ్వు డబ్బా నా సేతికిచ్చి పక్కిళ్ళకెల్లినావు గదా. పేటంతా తిరిగి ఇసక నానే ఎత్తినాను. అందులో సేప పొలుసులు, మేక పెంటికలు! పట్నం పంపేది గదా, పరువు పోదేటి? పళ్ళెంలో ఏసి, నీళ్ళు పోసి, తిప్పి తిప్పి మురికంతా ఒంపీసినాను. నల్లగా నిగనిగలాడినాకే డబ్బాలో పోసినాను. సుట్టాలకి కడక్కుండా సేప పెడతామేటి?"

వైదేహి పోలమ్మను రెండు చేతులా వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. ఎండుచేపలు నేలంతా చిందాయి.

"పెద్దమ్మా! కడిగితే తేలిక ఇసుక నీళ్ళతో పోతుంది. బరువైన నల్ల రేణువులే అడుగున మిగులుతాయి. కిరణాలన్నీ వాటిలోనే ఉంటాయి. ఎన్నో పళ్ళేల ఇసుకలో ఉండాల్సింది నువ్వు ఒక్క డబ్బాలోకి ఎక్కించావు!"

మళ్ళీ పేటకు వెళ్ళి, పొలుసులతో, పెంటికలతో ఉన్న ఇసుకను ఉన్నట్టే ఎత్తుకొచ్చింది. ఇంకో నెల మూత. ఆ నెలంతా నాకు గుండె దడే, గుండె లేకపోయినా. ఫలితం రోజున పోలమ్మ కోట పక్కనే చతికిలబడింది. నేను నవ్వాను, ఊళ్ళో మామూలు మట్టికి నవ్వినట్టు, సన్నగా, తెరిపి తెరిపిగా. కావాలని తగ్గించలేదు, ఒట్టు.

"భయం లేదు పెద్దమ్మా. పేట ఎక్కడికీ పోనక్కర్లేదు" అంది వైదేహి.

పోలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయితే తల్లీ, మురికి మురికిగానే ఉండబట్టి మా పేట నిలబడిపోయిందన్నమాట" అంది.