చావింట్లో నాక్టర్న్

మా వార్సాలో చావు జరిగిన ఇంట్లో గడియారం ఆపుతారు, అద్దానికి గుడ్డ కప్పుతారు, పియానో మూసి తాళం వేస్తారు. మా పై అంతస్తులో తెక్లా గారు పోయిన రోజు ఈ పనులన్నీ ఆవిడ ఆడపడుచు పెత్రొనేలా దగ్గరుండి చేయించింది. తాళంచెవి జాకెట్టులో దోపుకుంది. ఆచారం మాటొస్తే ఆవిడ ముందు పాదిరీ కూడా నోరెత్తడు.

ఆ తాళం వెనక ఒక ప్రాణం ఉందని ఆవిడకేం తెలుసు? నాకూ తర్వాతే తెలిసింది. పరాయి దొరతనం మీద మావాళ్ళ తిరుగుబాటు అణిగిపోయాక, అందులో పోరాడిన తెక్లా గారి కొడుకు కాయెతాన్ పెరట్లో గుర్రపుసాల అటక మీద దాక్కున్నాడు. రోజూ పొద్దుగూకే వేళకి చెల్లెలు లియొకాడియా కిటికీ తెరిచి పియానో మీద ఒక నాక్టర్న్, అంటే రాత్రివేళ పాట, వాయించేది. రెండు పేజీల చిన్న ముక్క. ఎడమచెయ్యి ఊయల ఊపుతున్నట్టుంటే, కుడిచెయ్యి ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు సాగేది. కింద గదిలో కూరలు తరుగుతూ నేను చెయ్యి ఆపేసేదాన్ని. అది వినబడితే ఇల్లు క్షేమం. వినబడకపోతే సిపాయిలు వచ్చినట్టు, అతను కప్పు మీంచి నదివైపు పారిపోవాలి. ఆ వారం నది ఒడ్డున మనిషి కనబడితే చాలు, కాల్చేస్తున్నారు.

శవం చుట్టూ జపమాలలు పట్టుకుని కూర్చున్నాం. పొద్దు వాలుతోంది. లియొకాడియా కుదురుగా కూర్చోలేకపోతోంది.

"అత్తా, తాళంచెవి ఇవ్వవూ?"

"ఎందుకే?"

"అమ్మకిష్టమైన పాట. ఒక్కసారి వాయిస్తా."

"మతి పోయిందా? కన్నతల్లి ఒళ్ళింకా చల్లబడనైనా లేదు, పియానో వాయిస్తావుటే? నలుగురూ మొహాన ఉమ్మేస్తారు!"

"ఉమ్మనీ. నీ కాళ్ళు పట్టుకుంటా, ఇవ్వత్తా."

"నోర్మూసుకుని జపం చెయ్యి."

గుమ్మంలో బోనిఫాత్సీ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మా భవనం కాపలావాడు. ఎవరింటికి ఎవరొచ్చారో పోలీసులకు మోయడమే ఆ దరిద్రుడి బతుకు. వాడి ఎదుట ఆ పిల్ల నిజం ఎలా చెబుతుంది?

లేచింది. పొయ్యి దగ్గరున్న ఇనపచువ్వ తీసుకుని పియానో మూత పగలగొట్టింది. కిటికీ బార్లా తెరిచి వాయించడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. అత్త వచ్చి ఆ పిల్ల చెంప ఛెళ్ళుమనిపించింది. అయినా పిల్ల వేళ్ళు ఆగలేదు. అంత బాగా ఆ ముక్క నేనెన్నడూ వినలేదు, నాకు ఏడుపొచ్చింది.

అందరం ఆ పిల్లనే చూస్తున్నాం. బోనిఫాత్సీ మాత్రం కిటికీలోంచి పెరటివైపు చూశాడు. తల్లి శవం పక్కన ఏ పిల్లా ఊరికే వాయించదు, వినేవాడెవడో ఉండాలి. టోపీ పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగిపోయాడు.

చీకటి పడేలోపే సిపాయిలు గుర్రపుసాలని చుట్టుముట్టారు. కాయెతాన్ పారిపోలేదు. పారిపోవాలని అతనికి తోచనే లేదు. జుట్టు నిండా గడ్డిపరకలతో ఉన్న అతన్ని చేతులు కట్టేసి వాకిట్లోకి లాక్కొచ్చారు. లియొకాడియా పరుగున మెట్లు దిగింది, వెనకే నేను.

చెల్లెల్ని చూసి అతను నవ్వబోయాడు. "నీ పాట వినబడింది కదే. ఇవాళ కూడా అంతా బాగానే ఉందనుకున్నా."

తలెత్తి తెరిచున్న కిటికీవైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మని ఇటు రానీకు. నన్ను పట్టుకున్నారని తెలిస్తే తట్టుకోలేదు. చెప్పకు, ఏం?"

"చెప్పనన్నయ్యా," అంది లియొకాడియా.