నమ్మకుండా ఇచ్చిన డబ్బు

ఆ ప్లంబరు ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఎరగడు. చాచినవాళ్లకు ఇచ్చీ ఎరగడు. బస్టాండులో ఎవరైనా పర్సు పోయిందని దగ్గరికొస్తే, "నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా?" అని సాగిపోయేవాడు.

అలాంటివాడు తల్లికి కంటి ఆపరేషన్ చేయించి తిరిగొస్తూ, పరాయి ఊరి బస్టాండులో జేబు తడుముకుని కొయ్యబారిపోయాడు. పర్సు లేదు, ఫోనూ లేదు. పక్కన తల్లి. ఆవిడకు ఒక కంటికి కట్టు, రెండో కంటికి ఎప్పుడో చూపు పోయింది. ఇల్లు నాలుగు గంటల దూరం.

మొదట అడిగిన పెద్దమనిషి మొహం తిప్పుకున్నాడు. రెండో ఆయన, ఈ కథ నిన్ననే విన్నానన్నాడు. ఇన్నాళ్లూ తను అన్న మాటలే తిరిగి తన చెవిన పడుతుంటే ప్లంబరుకు తల కొట్టేసినట్టయింది.

చివరికి టీకొట్టు ఆవిడ ముందు నిలబడ్డాడు. ఆవిడ ఊరికే వదల్లేదు. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, పర్సు పోయేదాకా నువ్వేం చేస్తున్నావు అని పోలీసులా ఆరా తీసింది. కంగారులో అతను డాక్టరు పేరు తప్పు చెప్పి, మళ్లీ దిద్దుకున్నాడు. ఆవిడ పెదవి విరిచింది. అయినా డబ్బాలో చెయ్యి పెట్టి రెండు టిక్కెట్లకు సరిపడా తీసింది.

"నిన్ను నమ్మి ఇవ్వడం లేదయ్యా. నమ్మాలో వద్దో తేల్చుకునేలోపు మీ బస్సు వెళ్లిపోతుంది. పెద్దావిడ ఎండలో నిలబడింది. తీసుకో."

బస్సెక్కాక తల్లి, చూపు రాగానే తనను మళ్లీ ఇక్కడికి తీసుకురమ్మంది. చూపు కుదుటపడడానికి నెల పట్టింది. ఆ నెలంతా రోజూ గుర్తుచేసి కొడుకు ప్రాణం తోడేసింది.

నెల తర్వాత ఇద్దరూ వెళ్లారు. కొట్టు ముందు అతను గొంతు సవరించుకున్నాడో లేదో, ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, నిట్టూర్చి, డబ్బాలో చెయ్యి పెట్టింది.

"ఏ ఊరెళ్లాలి?"

అతనికి నవ్వొచ్చింది. తల్లే ముందుకు జరిగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అడగడానికి రాలేదమ్మా. ఆ రోజు నీ గొంతు విన్నాను గానీ, ముఖం చూడలేకపోయాను. చూసి వెళ్దామని వచ్చాను."

ఎంత చెప్పినా ఆవిడకు వాళ్లు గుర్తు రాలేదు. అలా వచ్చేవాళ్లు వారానికి ఒకరిద్దరుంటారట. ఎవరిది నిజమో తేల్చడం తన వల్ల కాదని ఎప్పుడో వదిలేసిందట. ఆరా తీయడం మాత్రం మానలేదట, అదొక్కటే తనకు కాలక్షేపమట.

ప్లంబరు తిరిగిచ్చిన డబ్బు మొహమాటపడకుండా తీసుకుంది. టీకి మాత్రం పైసా పుచ్చుకోలేదు. ఆడవాళ్లిద్దరూ బెంచీ మీద కూర్చుని మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టి కోడళ్ల దాకా వచ్చేసరికి రెండు బస్సులు వెళ్లిపోయాయి. ప్లంబరు తొందరపెట్టలేదు. ఎదుటి మనిషి ముఖాన్ని తల్లి తనివితీరా చూసుకుంటుంటే, చల్లారిపోయిన గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.