బోర్లించిన క్యారేజీ

"లిఫ్టు తెగి పడింది. ఉదయం పదకొండింటికి. మెకానిక్ అక్కడికక్కడే పోయాడు. అందరికీ పంపండి."

కుట్టుమిషను ముందున్న టైలరమ్మకు అత్తగారు ఫోను చూపించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కింద ఫోటోలో ఓ పనిముట్ల సంచి, దానికి ఆకుపచ్చ అతుకు. ఆ అతుకు వేసింది తనే!

"నా కొడుకు సంచేనే ఇది! మన కొంప మునిగిందే!" అని అత్తగారు గొల్లుమంది.

అత్తగారు ఫోన్లో వచ్చిందల్లా నమ్మే మనిషి. నిలబడి నీళ్ళు తాగితే మోకాళ్ళు పోతాయని ఎవరో పంపితే వారంపాటు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టింది. ఇదీ అలాంటిదే అని కొట్టిపారేద్దామంటే, సంచి కళ్ళెదుటే ఉందాయె.

టైలరమ్మ భర్తకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పనిలోకి దిగితే ఆయన ఫోను సంచిలోనే వదిలేస్తాడు. ఓసారి జేబులోంచి జారి ఆరంతస్తుల కింద పడినప్పటి నుంచీ అదే అలవాటు.

తప్పిపోయిన కుట్టు వెతికినట్టు ఫోటోను పెద్దది చేసి చూసింది. సంచి మీద క్యారేజీ, గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. తడి గిన్నెలు లోపల పెడితే పానాలు తుప్పు పడతాయని, తినగానే కడిగి అలా ఆరబెడతాడు.

"ఏడుపు ఆపండి అత్తయ్యా! ఒంటిగంట కానిదే ఆయన అన్నం ముట్టరు. పదకొండింటికి పోయిన మనిషి క్యారేజీ ఎలా కడిగారంటా?"

"ఒంటిగంట తరవాత పడిందేమోనే?"

అదీ నిజమే. ఒక అబద్ధం దొరికితే మిగతాదంతా అబద్ధం అయిపోదు కదా. మెడలో టేపు అలాగే ఉండగా పరుగు తీసింది.

ఆయన పనికెళ్ళిన భవనంలో లిఫ్టు నిజంగానే పడి, అడుగున నుజ్జయి ఉంది.

"నువ్వెందుకొచ్చావే?"

తిరిగి చూస్తే, ప్రశ్నలడిగే అధికారుల మధ్య కుర్చీలో ఆయనే! వెళ్ళి భుజం మీద ఒక్కటి వేసి, రెండు చేతులా పట్టుకుని భోరుమంది. అమ్మయ్య, మనిషి ఉన్నాడు!

"మిమ్మల్ని పోయారన్నారు! పడింది ఒంటిగంట తరవాతేగా? క్యారేజీ చూసి కనిపెట్టేశా."

"కాదే, పదకొండింటికే."

"మరి క్యారేజీ?"

ఆయన తల గోక్కున్నాడు. "పొద్దున నీతో పోట్లాడి టిఫిన్ మానేశానా? పదిన్నరకే పేగులు అరిచాయి. పని ఆపి, బయటికొచ్చి తినేశా. క్యారేజీ కడిగి బోర్లించి, నీళ్ళు తాగుదామని కుళాయి దగ్గరికి వెళ్ళానో లేదో, ఢామ్మంది. సంచి కనబడి నేను కనబడకపోతే, పోయాడని రాసేశాడు ఎవడో, వాడి వేళ్ళు విరగ! ఆ సంచేమో, ఫోనుతో సహా, వీళ్ళు గదిలో పెట్టి తాళం వేశారు."

ఇంకెప్పుడూ మీతో పోట్లాడనని చెప్పబోయిన టైలరమ్మ, ఆ మాట మింగేసి, అత్తగారికి ఫోను కలిపి ఆయన చేతిలో పెట్టింది.

"బతికే ఉన్నానని మీరే చెప్పండి. ఫోన్లో వస్తే ఆవిడ ఇట్టే నమ్మేస్తారు."