రాయని ఆఖరి వరుస

"నేనెప్పుడన్నా వద్దంటినా?" అన్నాడు గంగాధర్, పేపరులోంచి తల ఎత్తకుండానే.

హేమావతి చేతిలో నీళ్ల పైపు ఉంది. రాయదుర్గంలో వాళ్ల వీధికి కొళాయి ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి పాలగిన్నె కూడా నింపుకోవాలి. ఆ పని ఆమెదేనని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కొళాయి బుస్సుమనగానే అందరూ ఆమె వైపు చూస్తారు, అంతే. ఈ రోజు సగం డ్రమ్ముకే ఆగిపోయింది.

ఆమె మొగుణ్ని అడిగింది బెంగళూరు గురించి. తను నెట్‌వర్క్ పని చూసే జీన్స్ ఫ్యాక్టరీ వాళ్లు రెండు వారాల శిక్షణకు ఒకరిని పంపుతున్నారు. వెళ్లి వచ్చినవాళ్లకే కొత్త యూనిట్ బాధ్యత. సాయంత్రంలోగా పేరివ్వాలి.

"పో. ఎవరొద్దన్నారు? అమ్మ మోకాళ్లు సూసుకో, పాప పరీక్షలు సూసుకో, నీళ్లొచ్చే రోజు సూసుకో. అన్నీ కుదిరితే పో. నీ ఇష్టం."

పోయినసారీ ఇంతే. ఎవరూ వద్దనలేదు. ప్రయాణం ముందురోజు అత్త మారెక్కకు మోకాళ్లు పట్టేశాయి. గంగాధర్ "నీ ఇష్టం" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె బ్యాగులో సర్దిన చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఓబిలేష్ వెళ్లొచ్చి పెద్ద యూనిట్‌కు ఇన్‌చార్జి అయ్యాడు. ఎక్కడైనా చిక్కు పడితే "అక్కా, ఒక్క నిముషం" అని ఫోను చేస్తాడు. ఆమె చారుకు తాలింపు వేస్తూ విప్పి చెబుతుంది.

ఫ్యాక్టరీకి చేరేసరికి కుట్టు హాలు ముందు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. వెనక వాకిలి దగ్గర కొత్త హాజరు మిషన్ పెట్టినప్పటి నుంచి, అందులో వేలు పెట్టిన వాళ్లందరికీ గైర్హాజరు పడుతోంది.

"పొద్దున్నే వచ్చి ఏలు పెడితి మేడమ్," అంది రామక్క. "నేను రాలేదంటాండాది. మరి నిన్న ప్యాంట్లన్నీ నా దయ్యం కుట్టిందా?"

"లాగ్ చూసినా కదమ్మా," అన్నాడు మేనేజరు జయరాముడు. "వచ్చేదీ పోయేదీ అంతా దాంట్లో రాసుకుంటాది కదా. యాడా ఆపినట్టు లేదు. ఈళ్లే సరిగ్గా నొక్కతాండ్లేదు."

నేనెప్పుడన్నా వద్దంటినా. పొద్దున ఇంట్లో విన్న గొంతే. హేమావతికి చెవులు వేడెక్కాయి. వెళ్లి కంప్యూటర్‌లో, మిషన్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్చి సెట్టింగులు తెరిచింది.

స్విచ్చిలో ఉండే యాక్సెస్ లిస్టు గేటు దగ్గర కాపలావాడికిచ్చిన ఆజ్ఞల్లాంటిది. ఫలానా మిషన్ పంపేది పోనివ్వు, ఫలానాది ఆపు అని వరుసలుగా ఉంటుంది. స్విచ్చి పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ఏ వరుసకూ సరిపోనిదాన్ని ఆఖరున పారేస్తుంది. పారెయ్యమన్న ఆ ఆఖరి వరుస మాత్రం ఎక్కడా రాసి ఉండదు. రాసి లేదు కాబట్టి లాగ్‌లోకీ ఎక్కదు. కొత్త మిషన్‌ను లిస్టులో ఎవరూ చేర్చలేదు. అది పంపినదంతా అక్కడే పోతోంది, చడీ చప్పుడూ లేకుండా.

ఇది ఆమెకు కొత్త సంగతి కాదు. ఎన్నోసార్లు సరిచేసింది. ఈ రోజెందుకో కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి. పెళ్లయ్యాక ఎమ్‌టెక్ చదువుతానంటే ఎవరూ వద్దనలేదు, ఫీజు కట్టే గడువు మాత్రం దాటిపోయింది. స్కూటీ నేర్చుకుంటానంటే ఎవరూ వద్దనలేదు, తాళాలు మాత్రం ఎప్పుడూ గంగాధర్ జేబులోనే ఉండేవి. గుమ్మఘట్టలో నాయన మంచాన పడితే పోవద్దని ఎవరన్నారు? పండగ కానీ, పిండివంటలు కానీ, అత్త కంటి ఆపరేషన్ కానీ, ఆ తర్వాత పో అన్నారు. అన్నీ అయ్యేసరికి నాయనా అయిపోయాడు. రేపు ఎవరైనా నిలబెట్టి అడిగితే, నన్నెవరూ ఆపలేదనే ఆమె కూడా చెప్పాలి. పైగా ఇన్నేళ్లూ తప్పు తనదేననుకుంది, తనకే పట్టుదల లేదనుకుంది, సరిగ్గా నొక్కలేదనుకుంది.

లిస్టు అడుగున ఆ వరుసను స్వయంగా టైపు చేసింది. మిగిలినదంతా ఆపు, ఆపినప్పుడల్లా లాగ్‌లో రాయి. ఎంటర్ నొక్కగానే తెర మీద బిలబిలమంటూ పడసాగాయి. కొత్త మిషన్, ఆపాను. కొత్త మిషన్, ఆపాను.

"ఇదేందమ్మా, ఇంతసేపూ లేదే?" అన్నాడు జయరాముడు.

"ఇంతసేపూ ఉండాది సార్. రాసి లేదు, అంతే."

దాని పైన ఇంకో వరుస చేర్చి కొత్త మిషన్‌కు దారి ఇచ్చింది. అడుగున రాసినది మాత్రం చెరపలేదు.

"బెంగళూరు సంగతి ఏం చేస్తివమ్మా?" అని అడిగాడాయన.

"సాయంత్రం చెప్తా సార్."

ఇంటికి రాగానే చెప్పులు విడిచి నేరుగా టీవీకి అడ్డంగా నిలబడింది.

"వద్దను," అంది.

"ఏందీ?" అన్నాడు గంగాధర్.

"బెంగళూరుకు పోవద్దను. మనసులో ఉండేది నోటితో అను. అత్త వినేట్టు, పాప వినేట్టు."

"నేనెందుకంటా? నీ ఇష్టమంటాండా కదా."

"నా ఇష్టమైతే నా బ్యాగు ఇన్నిసార్లు బీరువాలోకి ఎట్ల పోయింది? నువ్వు వద్దనవు, అత్త వద్దనదు, నేను మాత్రం యాడికీ పోను. ఒక్కసారి అనప్పా, వింటా."

మారెక్క వక్కాకు నములుతూ, "ఏమ్మే, మొగునితో వద్దనిపించుకుంటే గానీ కూడు దిగదా నీకు?" అంది.

"దిగదు అత్తా."

గంగాధర్ రిమోట్‌ను మంచం మీదికి విసిరాడు. "వద్దు. పోవద్దు. సాలునా?"

పాప పుస్తకంలోంచి తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆ మాట వింటే భయమేస్తుందని హేమావతి అనుకుంది. వెయ్యలేదు. నీ ఇష్టం అన్నవాడికి ఏం బదులు చెప్పాలో ఇన్నేళ్లూ ఆమెకు తెలియలేదు. వద్దన్నవాడికి చెప్పొచ్చు.

"సాలు," అంది. అక్కడే నిలబడి జయరాముడికి ఫోను చేసింది. "సార్, బెంగళూరుకు నా పేరు రాయండి."

"ఇంట్లో ఒప్పుకున్నారామ్మా?"

"లేదు సార్, వద్దన్నారు. పోతాండా."

బయట కొళాయి బుస్సుమంది. ముగ్గురూ ఆమె వైపు చూశారు. హేమావతి కుర్చీ లాక్కుని కూర్చుంది.