వంటింటి బల్ల మీద రెండు ఓట్లు

కింది పళ్ళు నాలుగు ఊడిపోయాక నాకు యాపిల్ అంటే తురుమే. పళ్ళు కట్టించుకుందామంటే మా స్విస్ దేశపు బీమా పైసా ఇవ్వదు. డాక్టరు చెప్పిన ధర వింటే మిగిలినవి కూడా రాలేట్టున్నాయి. అలా తురుముతుండగానే మా ఆయన బెనెడిక్ట్ టపా తెచ్చాడు. రెండు బూడిదరంగు కవర్లు, ఆయనకొకటి, నాకొకటి. ముసలివాళ్ళకు ఏడాదికి ఒక నెల పింఛను ఎక్కువ ఇవ్వాలా వద్దా అని దేశమంతటినీ అడుగుతున్నారు.

మా లోయలో చాలా ఇళ్ళలో ఒకటే పద్ధతి. ఓటు కాగితాలు టపాలో ఇంటికే వస్తాయి కదా, ఇంటాయన రెండూ నింపుతాడు, ఇంటావిడ తన ఓటరు కార్డు మీద సంతకం పెడుతుంది. ముప్పై ఏళ్ళు నేనూ పెట్టాను, రెండో చేత్తో గరిటె తిప్పుతూనే. ఓసారి "ఇంతకీ నేను దేనికి ఓటేశాను?" అని అడిగితే, "మంచిదానికే వేశావులే, సూప్ మాడుతోంది చూడు" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆవు ఈనలేక అవస్థపడుతుంటే పక్కన కూర్చుని ఏడ్చే మనిషి. కానీ నలభై ఏళ్ళు చీకటితోనే లేచి పాలు పితికి, గడ్డి ఎండబెట్టిన నాకు, పింఛను దరఖాస్తులో వృత్తి అన్నచోట "ఏమీ లేదు" అని రాసిందీ ఆయన చేయే.

ఆ చేయి ఇప్పుడు వణుకుతోంది. పోయిన చలికాలం నుంచి చెంచా కూడా నిలవడం లేదు.

"ఒటీలియా, ఈసారి నువ్వే రాయి," అన్నాడు తలెత్తకుండా. "రెండింటి మీదా వద్దనే రాయి. మనకిచ్చేది ఎవరు కడతారు? మన అబ్బాయి ఉర్బనే కదా. పాలకు ధర లేక వాడు ఇప్పటికే చస్తున్నాడు. అయినా మనకేం తక్కువైంది?"

"నాకు నాలుగు పళ్ళు తక్కువయ్యాయి."

నవ్వబోయి ఆగిపోయాడు.

కొడుకు మాట నన్నూ పట్టుకుంది. వాడి పొలం కంటే నా నమలడం ఎక్కువా అనుకున్నాను. తల్లినయ్యాక ఆకలిలో కూడా వెనక వరసలోనే నిలబడడం అలవాటైపోయింది. కానీ ఆ పొలంలో నా నడుమూ అరిగింది కదా.

ముందు ఆయన కాగితం తీశాను. కళ్ళజోడు మంచం దగ్గరే వదిలేశాడు. నేనేం రాసినా ఆయనకు తెలియదు. కలం కాసేపు గాల్లోనే ఆగింది.

"నీది వద్దనేనా? బాగా ఆలోచించుకున్నావా?"

"చెప్పాను కదా, మళ్ళీ అడుగుతావేం?"

"నీ ఓటు కదా బేనీ, అడగాలి."

ఆయన మొహంలో ఏదో కదిలింది. వద్దు అనే రాశాను. కార్డు మీద ఆయన సంతకం పెడుతుంటే మణికట్టు పట్టుకున్నాను. పిట్టలా కొట్టుకుంటోంది ఆ చేయి, జాలేసింది.

తర్వాత నా కాగితం ముందుకు లాక్కున్నాను. ఆయన యాపిల్ తురుము గిన్నె మెల్లగా నా వైపు జరిపి, "మరి... నీదేమని రాస్తున్నావు?" అన్నాడు.

ముప్పై ఏళ్ళకు అడిగాడు.

"చెప్పను," అని, బడిపిల్లలా మోచేయి అడ్డం పెట్టుకుని, అవును అని రాశాను.